‘ఊరికి పోయింది’ అంటే తిరిగొస్తదనే కదా

మా అమ్మ పోయిన రోజు వాకిట్లో టెంటు, బయట డప్పు, లోపల ఏడుపులు. మా తమ్ముని బిడ్డకు అయిదేళ్లు. దాన్ని ఎవరో చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయారు. చావింట్లో టీవీ పెట్టరు కాబట్టి పక్కింటి పిల్లగాడి ఫోనే దానికి కాలక్షేపం. కార్యం ముగించుకుని మగవాళ్లు తిరిగొచ్చి, స్నానాలన్నీ అయ్యాక పిల్లను తీసుకురావడానికి వెళ్లాను. ఇద్దరూ ఒకే ఫోన్ మీదికి వంగి తెలుగు ‘లయన్ కింగ్’ చూస్తున్నారు. తొక్కిసలాట అప్పుడే అయిపోయింది. తండ్రి సింహం ముఫాసా కదలకుండా పడి ఉన్నాడు, పిల్లసింహం సింబా తలతో నెడుతున్నాడు.

“సింబా వాళ్ల నాయిన లేస్తలేడత్తా,” అంది నా దిక్కు చూడకుండానే.

చావు కంటబడకూడదని పిల్లను పక్కింటికి పంపించాం. అక్కడ అది చూస్తున్నదీ చావే.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు మా తరగతుల్లో కూర్చుంటూనే ఉంటారు. అయినా వాళ్లు చూసే తెర మీద చావు ఎట్లా కనిపిస్తోందో ఆ సాయంత్రం వరకూ ఆలోచించలేదు. తర్వాత నెలల తరబడి పిల్లల సినిమాలు, కార్టూన్లు పనిగట్టుకుని చూశాను. పిల్లల తెర మీద చావులకు కొదవ లేదు. చావు తర్వాత ఇంట్లో మిగిలిన పిల్ల ఏం చెయ్యాలో చూపించినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి మాటకు లెక్కలున్నాయి. 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక అధ్యయనాన్ని అచ్చు వేసింది. 1937లో వచ్చిన ‘స్నో వైట్’ నుంచి 2013లో వచ్చిన ‘ఫ్రోజెన్’ దాకా బాగా ఆడిన 45 బొమ్మల సినిమాలను తీసుకుని, అవే ఏళ్లలో పెద్దవాళ్ల కోసం వచ్చిన 90 సినిమాలతో పోల్చారు. బొమ్మల సినిమాల్లో మూడింట రెండు వంతుల్లో ముఖ్యమైన పాత్ర ఒకటి తెర మీదే చనిపోయింది. పెద్దల సినిమాల్లో అది సగమే. కథలోని పిల్లల తల్లో తండ్రో చనిపోయే ప్రమాదం బొమ్మల సినిమాల్లో అయిదు రెట్లు ఎక్కువని తేలింది.

ఎందుకంటే కథకు అదే సులువు. అమ్మానాన్నలు బతికుంటే పిల్లను అడవికి పోనివ్వరు, సముద్రం దాటనివ్వరు. పిల్ల ఒంటరిదైతేనే సాహసం మొదలవుతుంది. మన కథల్లోనూ సవతి తల్లి రావాలంటే ముందు సొంత తల్లి పోవాలి కదా. అయితే కథను నడిపించడానికి వాడుకున్న చావు మీద కథకు ధ్యాస ఉండదు. 1942 నాటి ‘బాంబీ’లో తుపాకీ మోత వినిపిస్తుంది, పిల్లదుప్పి మంచులో తల్లిని వెతుక్కుంటూ తిరుగుతుంది, తండ్రి వచ్చి ఇక అమ్మ నీతో ఉండదని చెబుతాడు. ఆ వెంటనే వసంతం వచ్చేస్తుంది, పిట్టలు పాట అందుకుంటాయి. ‘ఫైండింగ్ నీమో’లో తల్లిచేపను పెద్దచేప మింగడం కూడా చూపించరు. తండ్రి స్పృహలోకి వచ్చేసరికి ఆమె ఉండదు, గుడ్లలో ఒక్కటి మిగులుతుంది. కొద్ది నిమిషాల్లోనే కథ ఏళ్లు దాటేస్తుంది. పెద్దవాళ్లం ఆ ఖాళీని మనకు తెలిసిన దాంతో నింపుకుంటాం. అయిదేళ్ల పిల్ల దేనితో నింపుకుంటుంది?

ఇక్కడ పిల్లల మనసు గురించి కొంచెం చెప్పుకోవాలి. 1948లో మరియా నాజ్ అనే పరిశోధకురాలు హంగరీలో 3 నుంచి 10 ఏళ్ల వయసున్న 378 మంది పిల్లలతో మాట్లాడి, బొమ్మలు గీయించి, రాయించి ఒక అధ్యయనం ప్రచురించింది. అయిదేళ్లలోపు పిల్లలకు చావంటే ఎక్కడికో పోవడం, లేదంటే నిద్ర. అయిదు నుంచి తొమ్మిది మధ్య పిల్లలు చావును ఒక మనిషిలాగా ఊహించుకుంటారు, దొరక్కుండా తప్పించుకోవచ్చని అనుకుంటారు. తొమ్మిది దాటాక గానీ అది అందరికీ వచ్చేదేనన్న సంగతి కుదురుకోదు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఈ వయసుల హద్దులను అంత గట్టిగా పట్టుకోలేదు. 1984లో స్పీస్, బ్రెంట్ అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ దగ్గర పెట్టుకుని చూసి, పిల్ల తెలుసుకోవాల్సినవి మూడన్నారు. చచ్చిపోయినవాళ్లు తిరిగి రారు. వాళ్ల ఒళ్లు ఇక ఏ పనీ చెయ్యదు; ఆకలి, చలి, నొప్పి ఏవీ ఉండవు. బతికున్నవన్నీ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతాయి. చావుకు ఒక కారణం ఉంటుందన్నది నాలుగోదిగా తర్వాతివాళ్లు కలిపారు.

ఈ మూడింట్లో మొదటిదే మా ఇంట్లో చిక్కు తెచ్చింది.

మాది పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, నారాయణపేట దిక్కు. మా తమ్ముడు కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట బొంబాయిలో భవనాల పనికి పోతాడు. పిల్లను పెంచింది మా అమ్మే. ఆ రోజు పిల్ల ‘అవ్వ యాడికి పోయింది’ అని అడిగితే చుట్టాలు తలా ఒకరు ‘ఊరికి పోయింది బిడ్డా’ అన్నారు. వేరే జిల్లాల్లో ఆ మాట మామూలు బుజ్జగింపే కావచ్చు. పాలమూరులో పుట్టిన పిల్లకు ఊరికి పోవడమంటే ఏమిటో బాగా తెలుసు. నాయిన ఊరికి పోతాడు, పండుగకు వస్తాడు. లేదంటే ఫోన్‌లో కనిపిస్తాడు. మూడో రోజు పిల్ల నా ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

“అవ్వకు వీడియో కాల్ చెయ్యత్తా.”

“కలవదు బిడ్డా.”

“సిగ్నల్ లేదా?”

నేనేమీ చెప్పలేకపోయాను. దినాలు అయిపోయాయి, తమ్ముడు మళ్లీ బయల్దేరే పొద్దు వచ్చింది. ఎప్పుడూ వాడు పోతుంటే కాళ్లకు చుట్టుకుని ఏడ్చే పిల్ల ఆ పొద్దు వాడి బ్యాగులో బట్టలు తనే పెట్టింది. మేం మెచ్చుకున్నాం కూడా, ఎంత తెలివి వచ్చిందో అని. బస్సు కదిలాక అడిగింది: “నాయిన పోయిండు గదా, ఇగ అవ్వ ఒస్తదా?”

అవ్వ పోయిన రోజే నాయిన వచ్చాడు. కాబట్టి నాయిన పోతే అవ్వ రావాలి. దాని లెక్కలో తప్పేమీ లేదు. మేం ఇచ్చిన మాటతోనే అది లెక్క వేసింది.

తెర మీద ఈ మొదటి సంగతే ఎక్కువగా చెదిరిపోతుంది. పిల్లలు రోజూ చూసే కార్టూన్లలో పిల్లి మీద బండరాయి పడుతుంది, అప్పడంలా అతుక్కుపోతుంది, మరుక్షణం లేచి ఎలుక వెంట పడుతుంది. పెద్ద పిల్లలకు అది ఆటేనని తెలుసు కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. చావు లేని కార్టూన్‌తో నాకు పేచీ లేదు. చావును చూపించి, ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునేవాటితోనే పేచీ. 1994 నాటి ‘లయన్ కింగ్’నే తీసుకోండి. తండ్రి చావును దాచకుండా చూపించిన పిల్లల సినిమాల్లో అది ముందు వరసలో ఉంటుంది. సింబా తండ్రి చెవి పట్టుకుని గుంజుతాడు, లేవమంటాడు, చివరికి ఆ చల్లటి కాలి కిందికి దూరి పడుకుంటాడు.

ఆ సన్నివేశం చూసినప్పుడల్లా నాకు దింపుడు కల్లం గుర్తుకొస్తుంది. పాడెను సగం దారిలో దించి, చనిపోయిన మనిషి చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేస్తారేమోనని. పెద్దవాళ్లకు తెలియకనా? తెలిసీ పిలుస్తారు. చావు తిరుగులేనిదని మనసు ఒప్పుకోవడానికి మనిషికి అట్లాంటి ఒక జాగా కావాలి. సింబా చేసింది కూడా అదే. అందుకే ఆ సన్నివేశం పిల్లలకు చూపించదగ్గదనే నా నమ్మకం.

చిక్కు దాని తర్వాత మొదలవుతుంది. నీ వల్లే మీ నాన్న చచ్చిపోయాడని బాబాయి స్కార్ చెప్తే సింబా నమ్ముతాడు. ఇది చాలా నిజమైన విషయం. తను కోపంలో అన్న మాట వల్లో, చేసిన అల్లరి వల్లో మనిషి చనిపోయారని చిన్న పిల్లలు లోపల్లోపల అనుకుంటారు, ఎవరికీ చెప్పరు. సినిమా దాన్ని పట్టుకుంది కానీ చివరిదాకా విప్పలేదు. సింబా పారిపోయి టిమోన్, పుంబా అనే నేస్తాల దగ్గర చేరి, జరిగింది మర్చిపోవడం నేర్చుకుంటాడు. 2019 నాటి కొత్త సినిమా తెలుగు రూపంలో ఆ ఇద్దరికీ అలీ, బ్రహ్మానందం గొంతులిచ్చారు కాబట్టి మన పిల్లలకు ఆ భాగమే అన్నిటికంటే ఇష్టం. తర్వాత మబ్బుల్లోంచి తండ్రి మాట్లాడతాడు. పెద్దవాళ్లకు అది జ్ఞాపకం. మా పిల్లకు మాత్రం అది ఫోన్ కలవడమే. వారం రోజులు మబ్బు పట్టినప్పుడల్లా వాకిట్లోకి పరిగెత్తింది.

చెడ్డవాళ్ల చావు ఇంకో ముడి. పది డిస్నీ సినిమాల్లోని 23 మరణాలను పరిశీలించి 2005లో అచ్చయిన ఒక వ్యాసం, మంచివాళ్లు పోతే తెర మీద ఏడుపు ఉంటుందనీ, విలన్ పోతే ఎవరికీ ఏమీ అనిపించనట్టు కథ సాగిపోతుందనీ గుర్తించింది. మనకు ప్రహ్లాదుడి కథ ఉంది. పిల్లలకు మనం మళ్లీ మళ్లీ చూపించే కథ. తెర మీద చూసిన పిల్లలకు గుర్తుండేది నరసింహుడి గోళ్లు. కానీ చనిపోయింది ఆ పిల్లవాడి కన్నతండ్రి. భాగవతంలో ప్రహ్లాదుడు ఆ సంగతి మర్చిపోలేదు. తన తండ్రి పాపం పోగొట్టమని నరసింహుణ్ణి వేడుకుంటాడు. తండ్రికి చేయాల్సిన ప్రేతకార్యాలు చెయ్యమని ఆ దేవుడే వాడికి చెప్తాడు. ఎంత చెడ్డవాడైనా పోయినవాడు నీకు తండ్రే, నీ దుఃఖానికి ఒక పద్ధతి ఉంది అని దేవుడి నోటే చెప్పించిన కథ మనది. తాగి కొట్టే తండ్రి పోయిన పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్లకు ఈ ముక్కే కావాలి.

ఈ పనిని సరిగ్గా చేసిన కార్యక్రమం ఏదని అడిగితే నేను ముందు చెప్పేది అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’. అందులో అంగడి నడిపే మిస్టర్ హూపర్ అనే ముసలాయన పాత్ర వేసిన విల్ లీ అనే నటుడు 1982 డిసెంబరులో చనిపోయాడు. 1969లో కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ పిల్లలు రోజూ చూసిన మనిషి. ఆ పాత్రలోకి ఇంకో నటుణ్ణి తెచ్చుకోవచ్చు, ఆయన ఎక్కడికో వెళ్లిపోయాడనీ చెప్పొచ్చు. మన చుట్టాలు చెప్పినట్టే. వాళ్లు ఆ రెండూ చెయ్యలేదు. పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లతో మాట్లాడి, ఆయన చనిపోయాడనే చెప్పాలని నిర్ణయించుకున్నారు. ఆ భాగం 1983 నవంబరు 24న వచ్చింది. అమెరికాలో అది కుటుంబమంతా ఇంట్లో ఉండే థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజు. పిల్ల అడిగితే జవాబు చెప్పడానికి పెద్దవాళ్లు పక్కన ఉండాలని ఆ రోజును ఎంచుకున్నారు.

అందులో బిగ్ బర్డ్ అనే పెద్ద పసుప్పచ్చ పిట్ట ఉంటుంది, వయసులో ఇంచుమించు మా పిల్లంతదే. అందరి బొమ్మలూ గీసి పంచుతూ, హూపర్ బొమ్మ పట్టుకుని ఆయనెక్కడని అడుగుతుంది. ఆయన చనిపోయాడని ఇంతకుముందే చెప్పాం కదా అంటారు. అవును, గుర్తుంది, వచ్చాక ఇస్తాలే అంటుంది పిట్ట. ఇక్కడే ఆ రాసినవాళ్లకు దండం పెట్టాలి. చెప్పినంత మాత్రాన పిల్లకు అర్థం కాదని వాళ్లకు తెలుసు. అప్పుడు ఒకామె దగ్గరికి వచ్చి, చనిపోయినవాళ్లు తిరిగి రారు, ఎప్పటికీ రారు అని నెమ్మదిగా చెబుతుంది. ఎందుకిట్లా అవ్వాలి అని పిట్ట కోపంగా అడిగితే పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఇట్లాగే అవుతుంది, అంతే, అంటారు. రోజూ తనకు తినడానికి ఎవరు పెడతారు, కథలెవరు చెబుతారు అని పిట్ట అడుగుతుంది. అవి మేం చూసుకుంటాం అని పెద్దవాళ్లు మాటిస్తారు. ఆ నటుల కళ్లలో నీళ్లు నిజమైనవే. హూపర్ పేరును ఎప్పుడూ తప్పు పలికే పిట్ట చివర్లో కూడా తప్పే పలుకుతుంది, వాళ్లు ఎప్పటిలాగే సరిదిద్దుతారు. బొమ్మను పిట్ట తన గూడు పైన తగిలించుకుంటుంది.

మబ్బుల్లో హూపర్ కనిపించలేదు. నిద్రపోయాడని, దేవుడు పిలుచుకున్నాడని ఎవరూ అనలేదు. చనిపోయాడు అన్నారు, పిల్ల పక్కన కూర్చున్నారు. అంతకు పదమూడేళ్ల ముందే, 1970లో, ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన అమెరికా టీవీలో తను నడిపే పిల్లల కార్యక్రమంలో తొట్టిలో చచ్చిపోయిన బంగారు చేపను తీసి, ఉప్పునీళ్లలో పెట్టి చూసి, బతకకపోతే పెరట్లో పాతిపెట్టాడు. చిన్నప్పుడు తన కుక్క పోతే ఎంత ఏడ్చాడో చెప్పాడు. ఆస్ట్రేలియా వాళ్ల ‘బ్లూయీ’ కార్టూన్‌లో దెబ్బ తగిలిన చిన్న చిలక చనిపోతే, బ్లూయీ అనే కుక్కపిల్ల అదే కథను ఇంట్లో ఆటలాగా మళ్లీ ఆడుకుంటుంది. మా పిల్ల కూడా బొమ్మను చాప మీద పడుకోబెట్టి చుట్టూ డప్పు కొట్టింది. ఇంట్లోవాళ్లు అశుభమని అదిలించారు. పిల్లలు దుఃఖాన్ని ఆడుకునే అర్థం చేసుకుంటారని నాకప్పుడే తెలిసి ఉంటే అదిలించనిచ్చేదాన్ని కాదు.

మరి తెలుగులో ఏముంది? 1963 నాటి ‘లవకుశ’ ఉంది. పిల్లలను తండ్రికి అప్పగించి తల్లి భూమిలోకి వెళ్లిపోతుంది. తల్లి దొరకని పిల్లల దుఃఖం గురించి అంతకంటే పెద్ద తెలుగు బొమ్మ నాకు తెలియదు. 1990లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన ‘అంజలి’లో ఒక పొద్దున చెల్లెలు నిద్ర లేవదు, అన్నా అక్కా లేపుతూ ఏడుస్తారు. పిల్ల చావును తోటి పిల్లల కళ్లతో చూపించిన సినిమా అది. 1996 నాటి ‘లిటిల్ సోల్జర్స్’లో అమ్మానాన్నలు పోయిన ఇద్దరు పిల్లలు తాతయ్య ఇంటికి చేరతారు. అక్కడి నుంచి కథ అల్లరి దిక్కు, కుట్రల దిక్కు తిరిగిపోతుంది. 2012లో వచ్చిన ‘ఈగ’ను తండ్రి కూతురికి రాత్రి చెప్పే కథగా మొదలుపెట్టారు. అందులో చనిపోయినవాడు ఈగై తిరిగొస్తాడు. పిల్లలకు అది పండుగే, నాకూ ఇష్టమే. కానీ అమ్మ పోయిన నెలలో ఆ సినిమా చూసిన పిల్ల కిటికీ మీద వాలిన ఈగను తోలనివ్వకపోతే నవ్వొద్దు. పిల్లల కోసం రోజూ నడిచే తెలుగు టీవీకి వస్తే, ఉన్నదాంట్లో ఎక్కువ భాగం డబ్బింగే. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పిల్ల దుఃఖం ఎట్లా ఉంటుందో తీసిన తెలుగు కార్టూన్ నా కంట పడలేదు. హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్‌ను దేశమంతా చూస్తుంది కదా, ఒక్క భాగంలో ఢోలక్‌పూర్‌లో ఒక ముసలవ్వ చనిపోతే పిల్లలంతా ఏం చేశారో చూపించరాదా అనిపిస్తుంది.

అందుకు కావలసిన సరంజామా అంతా మన దగ్గరే ఉంది. 2017లో వచ్చిన ‘కోకో’ను మెక్సికోలో చనిపోయినవాళ్లను తలచుకునే పండుగ చుట్టూ అల్లారు. ఫొటో పెట్టి, పూలు పెట్టి పేరు చెప్పుకుంటే వాళ్లు మనతో ఉన్నట్టే అని. మనకు పెత్రమాస లేదా? పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పెడతాం. పోయినవాళ్లను తలచుకోవడం, బతుకు పేరున్న అమ్మవారి చుట్టూ ఆడడం ఒకే రోజున వస్తాయి. ధర్మాంగదుడనే రాజు నూరుగురు కొడుకులను పోగొట్టుకున్నాక పుట్టిన బిడ్డే బతుకమ్మ అని మన ఆడవాళ్లు చెప్పుకునే కథల్లో ఒకటి. బిడ్డలు పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డకు ‘బతుకు’ అని పేరు పెట్టారు. పీర్ల పండుగకు మా ఊళ్లో అన్ని కులాల పిల్లలూ అలాయి గుంత చుట్టూ తిరుగుతారు. హసన్ హుస్సేన్లను తలచుకుని ఊరంతా ఒకచోట దుఃఖపడడం పిల్లలు భుజాల మీద కూర్చుని చూస్తారు. ఇన్ని చూపిస్తాం. ఇది ఎవరి కోసం, ఆ మనిషి ఏమయ్యారు అని అడిగితే ‘నువ్వు పోయి ఆడుకో’ అంటాం.

‘కోకో’ కూడా అయిదేళ్ల పిల్లకు తొందరే అనుకుంటాను. చనిపోయినవాళ్లు అందులో నడుస్తారు, పాడతారు. తిరిగి రారన్న సంగతి కుదిరాక, ఎనిమిదో తొమ్మిదో ఏట చూస్తే అది చాలా మంచి సినిమా. సినిమా ఏదైనా పిల్ల పక్కన ఎవరైనా ఉండాలి. సన్నివేశం రాగానే ముందుకు జరపొద్దు. ఆపి, ‘ఏమైంది?’ అని అడిగితే చాలు, పిల్ల ఏమనుకుంటోందో అదే చెప్పేస్తుంది. ‘ఎవరి వల్ల అయింది?’ అన్నది రెండో ప్రశ్న. స్కార్ మాట నమ్మిన పిల్ల అక్కడే దొరుకుతుంది.

నేను మా పిల్లకు చెప్పింది చాలా ఆలస్యంగా, బస్సు పోయిన ఆ పొద్దున. మాట నోట్లోంచి రావడమే కష్టమైంది. “అవ్వ సచ్చిపోయింది బిడ్డా. ఊరికి పోలే. అబద్ధం చెప్పినం. అవ్వ ఒళ్లు పని చేసుడు ఆగిపోయింది. ఇగ రాదు.” నన్ను కొట్టింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజు దాకా మా అమ్మ కోసం ఆ పిల్ల ఏడవనే లేదు. నీళ్లెవరు పోస్తరు, జడెవరేస్తరు అని అడిగింది. నేను, మీ అమ్మ అని చెప్పాను. మరుసటి రోజు మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. నాలుగు రోజులు అట్లాగే.

పెత్రమాస నాడు బియ్యం మూట కడుతుంటే పక్కన కూర్చుంది.

“అవ్వ తింటదా?”

“తినదు. అవ్వ సచ్చిపోయింది గదా. యాది చేసుకుంటున్నం.”

“అవ్వకు పచ్చిపులుసు ఇష్టం. చింతపండు గూడ పెట్టు,” అని డబ్బాలోంచి తనే తెచ్చి మూట మీద పెట్టింది. సాయంత్రం తంగేడు పూలు ఏరుకొచ్చాక పక్కింటి పిల్లగాడు మళ్లీ సింబాను పెట్టాడు. నేను వాకిట్లో బతుకమ్మ పేరుస్తున్నాను. లోపల్నుంచి దాని గొంతు వినిపించింది, వాడికి చెబుతోంది: “నెట్టినా లేవడురా. మా అవ్వ గూడ లేవలే. ఆపకు, చూద్దాం.”